గుడ్డకు ఇవతల నేను మెలకువగానే ఉన్నాను

ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళు, వాళ్ళ వెంట ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. మొదట్లో రాయకూడదనే అనుకున్నాను. విషయం చెప్పుకోవడానికి సిగ్గయినది. నూజివీడు లాంటి ఊళ్ళో ఒక ముసలివాడు తన గజ్జల సంగతి కాగితం మీద పెడితే నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. నాకు హెర్నియా ఆపరేషన్ చేస్తూ, నాతో ఒక్క మాట అనకుండా, కుడివైపు వృషణం తీసేశారు. తీసేశాక కూడా చెప్పలేదు. మా ఇంట్లోవాళ్ళకి తెలుసు, కట్టు మార్చే కాంపౌండరుకి తెలుసు. నా ఒంటి సంగతి నాకొక్కడికే తెలియదు.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. మూడో తరగతిలోనే బడి మానేసి మామిడి తోటల్లో పడ్డాను. గంపల్లో కాయల కింద పరిచే పాత పేపర్లు కూడబలుక్కుని చదివి అక్షరాలు గట్టిపరుచుకున్నాను. ఒక వార్త మొదలు ఒక గంపలో ఉండేది, దాని చివర ఇంకో గంపలోకి పోయి లారీ ఎక్కేసేది. అలా సగం తెలిసి సగం తెలియకుండా పోయిన కబుర్లు ఇప్పటికీ కొన్ని నా బుర్రలో తిరుగుతుంటాయి. నా ఒంటి మీదే అలాంటి కబురు ఒకటి రాసిపెడతారని మాత్రం అనుకోలేదు.

పంతొమ్మిది వందల ఎనభై మూడు, పూత రోజులు

అప్పటికి నాకు అరవై దాటాయి. చెట్లెక్కడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ, కోత కూలీలకి మేస్త్రీగా తోటలు తిరుగుతూనే ఉన్నాను. మేస్త్రీ అంటే గట్టు మీద నిలబడి కేకలేసేవాడని కొందరు అనుకుంటారు. గంప లేవకపోతే చెయ్యి వెయ్యాల్సింది మేస్త్రీయే. అలా గంపలు ఎత్తీ ఎత్తీ కుడి గజ్జలో పేగు జారింది. దగ్గితే ముందుకొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. గోచీ బిగించి కట్టుకుని ఏళ్ళ తరబడి అలాగే నెట్టుకొచ్చాను.

ఆ ఏడు ముసునూరు దగ్గర ఒక తోటలో పూతకి మందు కొట్టిస్తున్నాను. ఉన్నట్టుండి గజ్జలో మెలిపెట్టినట్టయింది. ముందుకొచ్చింది లోపలికి పోదు. వాంతి అయింది. కూలీలు నన్ను ఎడ్లబండి మీద పడుకోబెట్టి మా వీధి కాంపౌండరు దగ్గరికి చేర్చారు. అతను మోకాళ్ళు మడిపించి, మెల్లగా నొక్కి, ఎట్లాగో లోపలికి పంపించాడు.

"ఈసారికి పోయింది బాబాయ్. మళ్ళీసారి పోకపోతే పేగు కుళ్ళిద్ది. ఆపరేషన్ చేయించుకో," అన్నాడు.

సాయంత్రానికి మా బావ వీరాస్వామి వచ్చాడు. మా ఆవిడ రత్నానికి అన్న. నూజివీడులో మామిడి కమీషన్ కొట్లో గుమాస్తా. షావుకార్ల పక్కన కూర్చుని కూర్చుని నలుగురిలో మాట్లాడటం అలవాటైన మనిషి. మా ఇంట్లో ఏం జరిగినా ముందు నడిచేది అతనే. మా ఆడపిల్లలిద్దరి పెళ్ళిళ్ళకీ మగపెళ్ళివారితో మాట్లాడింది కూడా అతనే.

"ఇంకా ఆలోచించేదేంటి బావా? బెజవాడ పోదాం."

"కోతలు అయ్యాక చూద్దాంలే."

"కోతలయ్యేసరికి నువ్వుంటే గదా చూసేది."

"ఆ మాటలేంటన్నయ్యా, సందెవేళ," అంది మా ఆవిడ లోపల్నుంచి.

బెజవాడలో ఆ నర్సింగ్ హోమ్ పేరు రాయను. ఇప్పటికీ అక్కడ మంచి వైద్యం జరుగుతూనే ఉంది, జనం వెళ్తూనే ఉన్నారు. వరండాలో గోడవార పొడుగాటి బల్లలు, ఫినాయిలు వాసన, నిదానంగా తిరిగే ఒక ఫ్యాను. మా వంతు వచ్చేదాకా కూర్చోవాలి. నా పక్కన విస్సన్నపేట నుంచి వచ్చిన ఒక కిరాణా కొట్టాయన కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"మీకెక్కడండి?" అని అడిగాడు.

"కిందండి," అన్నాను మెల్లగా.

"నాకూ కిందేనండి. పైనున్న జబ్బుకైతే నలుగురికీ చెప్పుకుంటాం, కిందున్నదానికే ఇంత దూరం వస్తాం."

ఆ భయంలో కూడా నవ్వొచ్చింది. తన సీసాలో మజ్జిగ గ్లాసులో పోసి ఇచ్చాడు. ఆయన పేరు అడగలేదు. ఆ రోజు నాతో నేనూ ఒక మనిషినన్నట్టు మాట్లాడింది ఆయనొక్కడే.

ఎందుకంటే అక్కడ గది తలుపు తీసినప్పుడల్లా నర్సమ్మ అడిగే మాట ఒకటే. "పేషెంటు తాలూకు ఎవరు?" పేషెంటు ఎవరని కాదు, పేషెంటు తాలూకు. వీరాస్వామి కండువా సర్దుకుని లేచేవాడు. డాక్టరు గారు నా గజ్జ నొక్కి చూసి, చెప్పాల్సిందంతా అతనితో చెప్పారు. "ఈయనకి దగ్గుందా? ఈయన చుట్ట కాలుస్తాడా?" నా చుట్ట సంగతి నా ఎదురుగానే వీరాస్వామి చెప్తుంటే, నేను సంతకి తెచ్చిన ఎద్దులా పళ్ళు బిగబట్టి పడుకున్నాను. అప్పుడే లేచి, నేను మాట్లాడగలనండీ అని ఉండాల్సింది. కానీ ఒంటి మీద బట్ట లేకుండా పడుకున్నవాడికి నోరు అంత తొందరగా లేవదు.

బల్ల మీద

మర్నాడు పొద్దున మా ఆవిణ్ణీ వీరాస్వామినీ బయట కూర్చోబెట్టి, నడుముకి మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. వంగి కూర్చోమని వెన్నులో పొడిచారు. కాసేపటికి నడుం దగ్గర్నుంచి కింద నాది కాకుండా పోయింది. కాళ్ళు ఎవరో పట్టుకెళ్ళినట్టుంది. తల మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది. నా గుండెల మీదుగా అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. గుడ్డకి అవతల డాక్టరు గారూ, ఆయన పనీ. ఇవతల నా మొహమూ, నేనూ.

భయం వేసింది. వేయలేదని అబద్ధం చెప్పను. పైన దీపం అంచున నాలుగు చీమలు వరసగా పోతున్నాయి. వాటినే చూస్తూ పడుకున్నాను. కత్తెర చప్పుడు వినిపిస్తోంది, నొప్పి లేదు. డాక్టరు గారు రెండుసార్లు గుడ్డ మీదుగా తల ఎత్తి, "నొప్పిగా ఉందా పెద్దాయనా?" అని అడిగారు. "లేదండి," అన్నాను రెండుసార్లూ. అంటే నా నోరు పనిచేస్తోందని ఆయనకి తెలుసు. నా చెవి పనిచేస్తోందని తెలుసు.

తర్వాత గుడ్డకి అవతల మాటలు తగ్గాయి. డాక్టరు గారు నర్సమ్మతో ఏదో ఇంగ్లీషులో అన్నారు. ఆవిడ నా తల పక్కనుంచే బయటికి వెళ్ళింది. ఆవిడ చీర కుచ్చెళ్ళు నా చేతికి తగిలాయి. తలుపు తెరిచిన చప్పుడు. బయట గొంతులు. మా ఆవిడ గొంతు వినిపించినట్టు అనిపించింది, ఏమంటోందో తెలియలేదు. తలుపు మూసిన చప్పుడు. నర్సమ్మ మళ్ళీ నా తల పక్కనుంచే లోపలికి వచ్చింది. "సరేనన్నారు సార్," అంది.

ఎవరు సరేనన్నారో, దేనికి సరేనన్నారో నేను అడగలేదు. ఇంకో గదిలో ఇంకో పేషెంటు సంగతేమో అనుకున్నాను. చీమల్ని చూస్తూ ఉండిపోయాను.

ఆ రాత్రి దాహంతో నాలుక పిడచగట్టుకుపోతుంటే నీళ్ళివ్వకూడదన్నారు. ఒక ఆయా దూది తడిపి నా పెదాల మీద అద్దుతూ కూర్చుంది. "తల ఎత్తకు పెద్దాయనా, తలనొప్పొస్తది," అని బిడ్డకి చెప్పినట్టు చెప్పింది. జరిగినదాన్నంతా తిట్టుకుంటున్నప్పుడు కూడా ఆ తడి దూదిని మర్చిపోలేదు. మర్చిపోతే నేనూ మనిషిని కాను.

కోతల కాలం

ఇంటికి తెచ్చారు. కుట్లు విప్పేదాకా నా చెయ్యి అటువైపు పోకుండా మా ఆవిడ కాపలా కాసింది. కుట్లు విప్పాక, నేనే స్నానం చేసుకుంటానని తడికె అవతలికి వెళ్ళినప్పుడు తెలిసింది. కుడివైపు తిత్తి ఖాళీ.

కాంపౌండరుని అడిగాను. అతను కట్టు చుడుతూ నా మొహం చూడలేదు. "వాపు మీద పైకెక్కి ఉంటది బాబాయ్. తగ్గాక దిగుద్ది," అన్నాడు.

మా ఆవిణ్ణి అడిగాను. "కాంపౌండరు చెప్పాడుగా, వాపని," అంటూ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పొయ్యిలో మంట లేదు.

వీరాస్వామిని అడిగాను. "నీ వయసుకి ఎన్నుంటే ఏంటి బావా?" అని నవ్వాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాల్సొచ్చింది. ఆ నవ్వు ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.

మనసులో ఒకపక్క తెలుస్తూనే ఉంది. ఇంకోపక్క వాపేనేమో, దిగుతుందేమో అని ఆశ. రోజూ స్నానం దగ్గర చెయ్యి పెట్టి చూసుకోవడం, లేదని తెలియడం, మళ్ళీ మర్నాటికి వాయిదా వేసుకోవడం. ఆడవాళ్ళు పోయిన ముక్కుపుడకని వెతికిన చోటే వెతుకుతుంటారు చూడండి, అట్లా అయింది నా పని. ఆ వయసులో దానితో ఏం పని అని మీరూ అనుకుంటారు. పని సంగతి కాదు. నాతోపాటు పుట్టింది నా దగ్గర లేకపోతే, ఎక్కడికి పోయిందో నాకు ఒకరు చెప్పాలి.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పచ్చి ఒంటి మీద ఉన్నవాళ్ళకి మేము చెడ్డ మాట చెప్పం. బాలింతకైనా, ఆపరేషన్ అయినవాడికైనా అంతే. పథ్యం వదిలేదాకా చావు కబురు కూడా చెవిన వెయ్యం. మా రెండో పిల్ల పుట్టినప్పుడు మా అత్తగారు పోతే, పథ్యం వదిలి తలంటు పోసుకునేదాకా మా ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెడ్డ మాట వింటే పుండు మానదని నమ్మకం. పథ్యం వదిలాక మాత్రం దాచకూడదు. ఆ పూటే చెప్పేయాలి. అదీ పద్ధతే.

నాకు బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, వెల్లుల్లి కారం పెట్టేవాళ్ళు. మామిడికాయ వేడి, పుండు చీము పడుతుందని ముట్టుకోనివ్వలేదు. కోతలు మొదలయ్యాయి. తొలి బంగినపల్లి బళ్ళు మా వీధినే పోతాయి. తర్వాత రసాలు. ఇంటింటా ఆవకాయ ముక్కలు కొడుతున్నారు, వీధంతా ఆవపిండి వాసన. నా కూలీలు తోటల్నుంచి వస్తూ వస్తూ నా కోసమని ఏరి ఏరి రసాలు అరుగు మీద పెట్టి వెళ్ళేవాళ్ళు. మా ఆవిడ వాటిని తీసి పక్కింటి పిల్లలకి పంచేసేది.

"కుట్టు మానింది గదే. ఎన్నాళ్ళీ బీరకాయ?"

"పచ్చి ఒళ్ళండి."

"నొప్పి కూడా లేదు."

"నొప్పి లేకపోతే మానినట్టా?" అనేది. అని ఇంకో చుట్టు చారు పోసేది.

నూజివీడులో పుట్టి, మామిడి చెట్ల మీదే పెరిగినవాణ్ణి. ఆ ఏడు కాయ నోట పెట్టకుండా కాలం అంతా దాటిపోయింది. కసురుకునేవాణ్ణి, కంచం తోసేసేవాణ్ణి. ఆవిడ చిక్కిపోతూ ఉండేది. నా జబ్బు దిగులని అనుకున్నాను.

వానలు

తోటలు ఖాళీ అయ్యాయి. తొలి వానలు పడుతున్నాయి. ఒకరోజు కాంపౌండరు కొట్టు ముందునుంచి పోతూ, నీరసానికి ఏదైనా టానిక్కు ఇమ్మని అడిగాను.

"నీరసమేంటి, బాగా తిను బాబాయ్."

"పథ్యంలో ఏం తింటాం?"

అతను తెల్లబోయాడు. "ఇంకా పథ్యమేంటి? కుట్లు మానిపోయినయ్యి, అన్నీ పెట్టమని పిన్నికి ఎప్పుడో చెప్పాగా."

వానలో నిలబడిపోయాను. కాయ పెడితే పథ్యం వదిలినట్టు. పథ్యం వదిలితే చెప్పేయాలి. చెప్పలేక ఆవిడ కాయ పెట్టలేదు. ఆ బీరకాయ కూరంతా అందుకేనని అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాను.

"రత్నం, అన్నం పెట్టు. కొత్తావకాయ వెయ్యి."

ఆవిడ కదల్లేదు.

"నువ్వు వెయ్యకపోతే నేనే లేచి వేసుకుంటాను. ఇవాళ్టితో పథ్యం వదిలేశాను. ఇప్పుడు చెప్పు."

ఆవిడ గోడకి ఆనుకుని కూలబడింది. కాసేపు నేలని గోరుతో గీరింది. "తీసేశారండి," అంది. "తీసేస్తే గట్టిగా ఉంటదంట, లేకపోతే మళ్ళీ పేగు జారుద్దంట. నర్సమ్మ బయటికొచ్చి అడిగింది. అన్నయ్య సరేనన్నాడు."

"నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

అంతకుమించి నేనేమీ అడగలేదు. ఉంది, విన్నది, ఊరుకుంది అనుకున్నాను. అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నాను. రుచి తెలియలేదు. ఆ రోజు మొదలు ఆవిడతో మాట్లాడటం మానేశాను. పెట్టింది తినడం, చెంబు అక్కడ పెట్టు అనడం తప్ప మా మధ్య మాట లేదు. ఆవిడ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. వానలన్నీ అట్లాగే గడిచాయి.

వీరాస్వామి వచ్చాడు, రాయబారానికి.

"ఇంటికి పెద్దవాణ్ణని ఒక మాట చెప్పాను బావా. అందులో తప్పేముంది? అవతల డాక్టరు చేతులు రక్తంలో పెట్టుకుని నిలబడ్డాడు, ఇద్దరం కూర్చుని ఆలోచించుకునే టైమా అది?"

"ఇంటికి పెద్ద నేనే. లోపల పడుకున్నాను గాని పోలేదు గదా."

"బల్ల మీదున్నోణ్ణి ఎవరన్నా అడుగుతారా?"

"నేను మెలకువగానే ఉన్నాను బావా."

అతను నన్ను వింతగా చూశాడు. ఆ సంగతి అతనికి తెలియదని అప్పుడు అనుకున్నాను. తెలిసినా అదే చెప్పి ఉండేవాడని కూడా అనుకున్నాను. చెడ్డవాడు కాదు. కొట్లో వంద బేరాలు తెగ్గొట్టినవాడు, ఎవరైనా ఎదురొచ్చి అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేడు.

చదివేవాళ్ళకి చెప్పాలనుకున్న మాట ఇక్కడే చెప్పేస్తాను. మీరు ఆపరేషన్‌కి వెళ్తుంటే, లోపలికి పోయేముందే డాక్టరు గారిని మీ నోటితో అడగండి: ఏం తీస్తారు, ఏం ఉంచుతారు, మధ్యలో వేరే అవసరం పడితే ఎవర్ని అడుగుతారు. వెంట వెళ్ళినవాళ్ళయితే, తలుపు తెరిచి మిమ్మల్ని అడిగినప్పుడు, పేషెంటుకి స్పృహ ఉందా అని మీరు తిరిగి అడగండి. దానికి చదువు అక్కర్లేదు. నేను అడగలేదు. మా వీరాస్వామీ అడగలేదు. ప్రాణం మీదికి వచ్చి, మనిషికి స్పృహ లేనప్పుడు డాక్టరు తనకు తోచింది చేస్తే ఎవరూ తప్పుపట్టరు. నా ప్రాణం మీదికి ఏమీ రాలేదు. స్పృహ నిండుగా ఉంది.

దసరా తర్వాత

ఆ డాక్టరు గారి నోటితో వినాలని బెజవాడ బయల్దేరాను. ఒక్కణ్ణే పోదామనుకున్నాను. నేను చెప్పులేసుకునేసరికి మా ఆవిడ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉంది. రావద్దనడానికైనా మాట్లాడాలి కాబట్టి ఊరుకున్నాను. బస్సులో ఒకే సీటులో చెరో చివర కూర్చున్నాం.

అవే బల్లలు, అదే ఫ్యాను. తలుపు తీసి నర్సమ్మ అడిగింది. "పేషెంటు తాలూకు ఎవరు?"

"పేషెంటుని నేనే, తాలూకూ నేనే," అని లోపలికి పోయాను. మా ఆవిడ నా వెనకే వచ్చి గోడవార నిలబడింది.

డాక్టరు గారు కుట్టు చూశారు. దగ్గమన్నారు. దగ్గాను. "బ్రహ్మాండంగా ఉంది. ఇంకేంటి ఇబ్బంది?"

"కుట్టుకేమీ లేదండి, బాగా కుట్టారు. కుడివైపుది ఎందుకు తీశారో చెప్తారని వచ్చాను."

ఆయన మా ఆవిడ వైపు చూశారు. "మీవాళ్ళు చెప్పలేదా?"

"చెప్పారండి. మీరు చెప్తే వినాలని."

ఆయన విసుక్కోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కుర్చీ వెనక్కి జరుపుకుని చెప్పారు. పేగు ఏళ్ళ తరబడి జారీ జారీ దారి వెడల్పైపోయిందట. ఆ దారి పూర్తిగా మూసేస్తే మళ్ళీ జారదట. పూర్తిగా మూయాలంటే దాన్ని తీసేయాలట. "మీ వయసువాళ్ళకి చేస్తుంటాం," అన్నారు.

"తియ్యకుండా కుట్టడానికి వీల్లేదాండి?"

"కుట్టొచ్చు. మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుంది."

"వస్తే?"

"మళ్ళీ ఆపరేషన్."

"అంటే రెండు దారులున్నాయన్నమాట. ఏ దారో నన్నడగొచ్చు గదండీ. నొప్పిగా ఉందా అని రెండుసార్లు అడిగారు. ఇది కూడా మూడోమాటు అడగాల్సింది."

"బల్ల మీదున్న మనిషిని బెదరగొట్టకూడదు పెద్దాయనా. అడిగితే మీరు ఒద్దనేవారు."

"అదేనండి నేననేది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను తిట్టాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆయన మొహంలో అలుపు చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు. దొంగ కాదు, కసాయి కాదు. నా పేగు మళ్ళీ జారకూడదనే చేశాడు. కానీ నా పేగుతో మాట్లాడినట్టే మాట్లాడాడు, నాతో కాదు.

కళ్ళజోడు పెట్టుకుంటూ ఆయనే అన్నారు. "ఆ రోజు మీ ఆవిడ కూడా ఇదే అన్నారట. ఆయనకి మెలకువ ఉందంటున్నారుగా, ఆయన్నే అడగండి అని. మా సిస్టర్ వచ్చి చెప్పింది. మీ బావగారు, దాని మాట పట్టించుకోవద్దు, కానీయండి అన్నారట." కుర్చీ ముందుకు జరుపుకుని, "ఆ మాట నేను పట్టించుకోవాల్సింది," అన్నారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తోంది.

తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్ దగ్గర బస్సు మారాలి. లారీల మోత, దుమ్ము. టీ కొట్టు పక్కన రాతి బల్ల మీద కూర్చున్నాం. ఆ వానలన్నీ నేను మాట్లాడని మనిషితో మాట మొదలుపెట్టడం నాకు చేతకాలేదు. రెండు టీలు చెప్పాను. ఒకటి ఆవిడ చేతికిచ్చాను.

"అడగమన్నావట గదా."

"అన్నాను. వినలేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు అన్నయ్య మొహం చూసేవాళ్ళా?" అంది. "నా మీద కోపమైతే ఇంట్లోనే ఉంటది."

టీ చల్లారిపోయింది. నూజివీడు బస్సు వచ్చింది, జనం ఎక్కారు. మేం ఎక్కలేదు. ఇంకో బస్సు ఉంటుందిలే అన్నట్టు ఇద్దరం కూర్చున్నాం.

"ఆ రోజు మిమ్మల్ని అడిగుంటే ఏమనేవాళ్ళు?" అంది ఆవిడ ఉన్నట్టుండి.

ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. అన్ని నెలలు అడగలేదని రగిలిపోయినవాణ్ణి, అడిగితే ఏం చెప్పేవాణ్ణో ఒక్కనాడూ ఆలోచించలేదు. డాక్టరు చెప్పింది న్యాయంగానే ఉంది, సరేననేవాణ్ణేమో. భయపడి, వద్దు బాబోయ్ అనేవాణ్ణేమో. గుడ్డకి అవతల ఆయన నిలబడి ఉన్నట్టు, నేను బల్ల మీద ఉన్నట్టు మనసులో పెట్టుకుని చూశాను.

"నిన్ను లోపలికి పిలిపించమనేవాణ్ణి," అన్నాను. "నువ్వేమంటావని అడిగేవాణ్ణి."

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.

"వద్దనేదాన్ని," అంది.